పాఠకుల ప్రశ్నలు: అమర జవానుకు ఊళ్లో స్మారకం

ప్రశ్న: మా చిన్నాన్న మద్రాసు రెజిమెంటు జవాను. 1971 యుద్ధంలో ఇరవై రెండేళ్లకే పోయాడు. ఊరి మూడు రోడ్ల కూడలిలో విగ్రహం పెడదామని కుర్రాళ్లు చందాలు పోగేశారు. ఉన్నది ఒకే ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటో. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, ఒడిశా

జవాబు: ముందు కూడలిని వదిలేయండి. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రాత్రికి రాత్రి నిలబెట్టినా, రోడ్డు వెడల్పు చేసే రోజున మొదట లేచేది అదే. పశువుల మేతకు వదిలిన గోచర్ భూమి జోలికీ పోకండి. సొంత పట్టా స్థలం గానీ, రాతపూర్వకంగా ఒప్పుకున్న బడి ఆవరణ గానీ చూసుకుని, పల్లి సభలో (ఊరి వోటర్ల సభ) తీర్మానం చేయించి, దాని నకలుతో తహసీల్దారును కలవండి. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ కుటుంబం స్థలం ఇస్తానంటే ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా ఒడిశా తెచ్చిన 1956 నాటి రెండో రెగ్యులేషన్ అడ్డొస్తుంది. నోటిమాట మీద పునాది తవ్వొద్దు.

పేరు, సర్వీసు నంబరు, హోదా, తేదీ ఇంట్లో చెప్పుకునేదాన్ని బట్టి రాతిపై చెక్కించకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు, రెజిమెంటు రికార్డుల కార్యాలయానికి ఆ వివరాల కోసం రాయించండి. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద పేరు ఎలా ఉందో కూడా సరిచూసుకోండి. ఇంటిపేరు పొడి అక్షరంగా మారడం, స్పెల్లింగు తేడా రావడం మామూలే.

ఇక విగ్రహం. మా సలహా వద్దనే. ఎదురుగా తీసిన ఒక్క ఫొటోతో శిల్పి దవడ, చెవి, మెడ ఊహించి చేస్తాడు. తీరా ముసుగు తీశాక ‘మనవాడిలా లేడే’ అంటారు. తప్పదనుకుంటే అచ్చు తీయకముందే, మట్టి దశలో, ఆయన్ని ఎరిగిన పెద్దవాళ్లను తీసుకెళ్లి చూపించండి. ఫొటో స్కానింగులో కుడి ఎడమలు తారుమారు కావచ్చు: పతకాల రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద, పేరుపట్టీ కుడివైపు ఉండాలి.

ప్రశ్న: మా ఊళ్లో స్మారక శిల వేసి ఏడాది కాలేదు. ఒత్తులు చెదిరాయి, అంచుల్లో తెల్లపూత వస్తోంది, ఒక మూల పగిలింది. మళ్లీ వేయాలి. ఎలా వేస్తే నిలుస్తుంది?
– గుణుపురం నుంచి

జవాబు: మూడు జబ్బులకు మూడు కారణాలు. ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి చెక్కే పద్ధతిలో, రాతికి అంటించే స్టెన్సిల్ కోసినప్పుడు సన్నటి ఒత్తు ముక్క అంటుకోక లేచిపోతుంది. తెలుగు అక్షరం అంగుళంన్నరకు తగ్గొద్దు. వరసల మధ్య ఒత్తులకు చోటు వదలండి. డీటీపీ కుర్రాడు ‘అను’ అనే తెలుగు ఫాంటులోకి మార్చేటప్పుడు అక్షరాలు తారుమారవుతాయి కాబట్టి, కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీయించి, సంతకం పెట్టాకే రాయి ముట్టుకోనివ్వండి. శిల మీద ఒడియా వరస కూడా ఉంటే దాన్ని ఒడియా మాస్టారు చూడాలి. ఆ లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా లేదు, అది తప్పు కాదు.

తెల్లపూత సిమెంటులోని లవణాలది. తడి నేల నుంచి ఎక్కుతుంది. పీఠం నేలకు కనీసం అడుగున్నర ఎత్తు లేపి, మధ్యలో తేమ ఆపే పొర వేయించి, వారం రోజులు నీళ్లు పట్టాకే రాయి ఎక్కించండి. మూల పగలడం రాతిని పట్టి ఉంచే ఇనుప క్లాంపు పని. తుప్పు పడితే ఉబ్బి రాతిని చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ పిన్నులే వాడండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న నల్లరాయి 80 నుంచి 90 కిలోలు తూగుతుంది, కాబట్టి పట్టు గట్టిగా ఉండాలి. వెనక నునుపుగా ఉంటే సిమెంటు పట్టదు, గరుకు చేయించండి. పిన్ను రంధ్రం లోతు 25 మిల్లీమీటర్లు దాటితే ముఖం వైపు పగులు కనిపిస్తుంది. రాయికి టెక్కలి దగ్గరే.

ప్రశ్న: ఆవిష్కరణ రోజు శిలకు జాతీయ జెండా కప్పవచ్చా? మూడు సింహాల ముద్ర?
– బరంపురం

జవాబు: రెండూ కుదరవు. విగ్రహానికి గానీ, స్మారకానికి గానీ జెండాను ముసుగుగా వాడొద్దని జెండా నియమావళి అంటుంది. పక్కన విడిగా ఎగరేయండి, ముసుగుకు మామూలు గుడ్డ చాలు. సింహాల ముద్రను సొంతంగా చెక్కించుకోవడాన్ని 2005 చట్టం నిషేధిస్తుంది. రెజిమెంటు చిహ్నం కావాలంటే ఆ రెజిమెంటునే అడగండి. కొబ్బరికాయ కొట్టడానికి, కర్పూరానికి వేరే చిన్న గట్టు కట్టించండి. నూనె, కుంకుమ రాతిలోకి ఇంకితే వదలవు.