అటక మీది హబ్ జోలికి వెళ్ళకు

అమ్మడూ,

రాజోలులో తాతగారి ఇంటి కింది వాటాలో కంప్యూటర్ సెంటర్ పెడుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇరవై కంప్యూటర్లు, కేబులింగ్ కూడా నువ్వే దగ్గరుండి చేయిస్తావట. మన ఇంట్లో ఇలాంటి పని తలకెత్తుకున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. ఆ సంతోషంతోనే రాత్రి నిద్ర పట్టలేదు. టెన్షన్ కూడా తోడైంది. అటక మీది పాత హబ్‌ని, అదే కంప్యూటర్లన్నిటినీ కేబుళ్ళతో కలిపే ఆ డబ్బాని, దించి తుడుస్తున్నావట కదా! డబ్బు కలిసొస్తుందని ఆశపడకు, దాన్ని మళ్ళీ అటకెక్కించు.

హబ్‌కి ఆలోచన లేదు. ఒక పోర్టులోకి, అంటే కేబుల్ గుచ్చే రంధ్రంలోకి, వచ్చిన సిగ్నల్‌ని మిగతా అన్ని పోర్టుల్లోకీ తోసేస్తుంది. దారి ఒక్కటే కాబట్టి ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. లాకుల దగ్గర ఒంటిదారి వంతెన మీద రెండు బస్సులు ఎదురుపడితే రెండూ వెనక్కి రావాల్సిందే కదా, ఇదీ అంతే. ఇద్దరు ఒకేసారి పంపితే డేటా ఢీకొని పాడవుతుంది, ఇద్దరూ కాసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఆ హబ్‌లో ఉన్న వేగమే 10 ఎంబీపీఎస్, అంటే సెకనుకు కోటి బిట్లు. దాన్ని దానికి తగిలించిన అందరూ పంచుకోవాలి.

అదే పనికి వాడే నెట్‌వర్క్ స్విచ్ అలా కాదు. వచ్చిన ప్రతి ఫ్రేములో, అంటే డేటా మూటలో, పంపినవాళ్ళ మ్యాక్ అడ్రస్ (కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరు) చూసి, అది ఏ పోర్టు నుంచి వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది. తర్వాత ఆ అడ్రస్‌కి ఏది వచ్చినా ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. పట్టికలో లేని అడ్రస్‌కో, అందరికీ అనో వచ్చినదైతేనే, వచ్చిన పోర్టు తప్ప అన్నింటికీ పంపుతుంది. ప్రతి కంప్యూటర్‌కీ సొంత దారి ఉంటుంది, పంపడమూ అందుకోవడమూ ఒకేసారి జరుగుతాయి, ఢీకొనే మాటే లేదు. కేబుళ్ళతో కంప్యూటర్లను కలిపే ఈ పద్ధతినే ఈథర్నెట్ అంటారు. 1990లో మొదటి ఈథర్నెట్ స్విచ్ తెచ్చిన అమెరికా కంపెనీ పేరు కల్పన. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకరైన వినోద్ భరద్వాజ్ మన దేశం మనిషే, భార్య పేరే కంపెనీకి పెట్టుకున్నాడు.

వేగం సంగతి అలా ఉంచు. నీ దగ్గరికి పిల్లలు పరీక్ష ఫీజులు కట్టడానికి, పెద్దవాళ్ళు ఆధార్ కాగితాలతో వస్తారు. హబ్ మీద ఉంటే, తాళం లేకుండా వెళ్ళే ప్రతి అక్షరాన్నీ పక్క సీటువాడు చదవగలడు. నిన్ను నమ్మి వచ్చినవాళ్ళ గుట్టు నీ చేతిలో ఉంటుంది తల్లీ.

అలాగని స్విచ్ కొనేసి నిశ్చింతగా కూర్చోకు. పాలకొల్లులో ఒక కాలేజీ ల్యాబ్‌కి మేం నెట్‌వర్క్ వేశాం. ఆన్‌లైన్ పరీక్ష రోజు పొద్దున్న అక్కడి అటెండరు కుర్రాడు ఊడ్చేటప్పుడు బల్ల కింద వేలాడుతున్న కేబుల్ కొస చూశాడు. ఊడిపోయిందేమో పాపం అనుకుని గోడలోని ఖాళీ సాకెట్‌లో పెట్టాడు. రెండో కొస అప్పటికే స్విచ్‌లో ఉంది, ఆ సాకెట్ లైను వెళ్ళేదీ అదే స్విచ్‌కి, దాంతో దారి చుట్టు తిరిగింది. అంతే, ల్యాబ్ అంతా స్తంభించింది. ఒక కంప్యూటర్ "ఈ అడ్రస్ ఎవరిది?" అని అందరినీ అడిగిన ఫ్రేము ఆ చుట్టులో పడి తిరుగుతూనే ఉంది, తిరిగిన ప్రతిసారీ అన్ని పోర్టులకూ కాపీ వెళ్తోంది. ఇంటర్నెట్‌లో వెళ్ళే డేటా మూటకి, అదే ఐపీ ప్యాకెట్‌కి, ఇన్ని మజిలీలే అని ఆయుష్షు లెక్క ఉంటుంది, ఈథర్నెట్ ఫ్రేముకి అది లేదు, దానంతటది చావదు. స్విచ్ లైట్లన్నీ ఆగకుండా ఒక్కలాగే కొట్టుకుంటున్నాయి. బయట వరండాలో పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డారు, ఒక అమ్మాయి ఏడుస్తోంది. కేబుళ్ళు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఆ కుర్రాడు పెట్టినది పీకగానే లైట్లు నెమ్మదించాయి. వాణ్ణి అందరూ తిట్టారు. వాడు చేసింది మంచి అనుకునే చేశాడు. కేబుల్‌కి రెండు కొసల్లోనూ చీటీ అంటించి ఉంటే వాడికి అర్థమయ్యేది.

ఈ చుట్టును ఆపడానికే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టింది. చవక స్విచ్‌లలో చాలావాటికి అది ఉండదు. నాలుగు డబ్బులు ఎక్కువైనా అది ఉన్న మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మనం మార్చుకోగలిగేది) తీసుకో, ఆన్ చేసి ఉందో లేదో చూసుకో. ఆ తేడా డబ్బు నేను పంపుతాను, మీ నాన్నకి చెప్పకు.

మిగతావి నీకు తెలిసినవే. అసలు రాగి కేబులే కొను, రాగి పూత అల్యూమినియం వద్దు. ఏ లైనూ 100 మీటర్లు దాటకూడదు. వెనక కొబ్బరితోటలో షెడ్డుకి కూడా లైను లాగుతానన్నావట, అక్కడ మాత్రం రాగి వద్దేవద్దు, ఫైబర్ వెయ్యి. మన వైపు పిడుగులు నీకు తెలుసు. రాగి తీగ ఆ దెబ్బను ఇంట్లోకి మోసుకొస్తుంది, ఫైబర్ గాజు కాబట్టి కరెంటు మొయ్యదు.

స్విచ్‌ని నేల దగ్గర పెట్టనివ్వకు. 1986 వరదకి ఆ ఇంటి గోడ మీద తాతగారు గీసిన గీత ఇంకా ఉంది, దానికి పైనే బిగించమను. కేబుల్ వేసినవాడికి పూర్తి డబ్బు ఇచ్చేలోపు ప్రతి లైనూ కేబుల్ టెస్టర్ పెట్టి చూపించమను, నువ్వు పక్కనే నిలబడు.

మీ పెదనాన్న