కంటి లెన్స్ ఆపరేషన్: ప్యాకేజీలో ఏముంది?

ప్రశ్న: శుక్లం తీసి లెన్స్ వేయడానికి రెండు ప్రైవేటు ఆసుపత్రులు చెప్పిన ధరల్లో చాలా తేడా ఉంది. ఎందుకు?

జవాబు: ఎక్కువ తేడా లెన్స్ రకం వల్లే. మోనోఫోకల్ లెన్స్ ఒకే దూరానికి చూపునిస్తుంది. సాధారణంగా దూరపు చూపుకు వేస్తారు, చదవడానికి అద్దాలు కావాలి. టోరిక్ లెన్స్, కంటి ముందు పొర వంపు అన్ని వైపులా ఒకేలా లేనందువల్ల వచ్చే సిలిండర్ పవర్‌ను సరిచేస్తుంది. అది కంట్లో ఒక్క డిగ్రీ తిరిగినా ఆ సవరణలో సుమారు 3.3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఏమీ మిగలదు. అందుకే తిరిగితే మళ్లీ సరిచేసే ఖర్చు ఎవరిదో ముందే అడగండి. మల్టీఫోకల్ లెన్స్ దూరపు చూపుకు, దగ్గరి చూపుకు వెలుగును పంచుతుంది కాబట్టి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. రాత్రి ఎక్కువగా బండి నడిపేవారికి, రెటీనా జబ్బు ఉన్నవారికి ఖరీదైనదే మంచిదన్న మాట నిజం కాదు.

ధర ఒక కంటికా, రెండింటికా? బయోమెట్రీ (లెన్స్ పవర్ తేల్చడానికి కంటిని కొలవడం), చుక్కల మందులు, తర్వాతి పరీక్షలు కలిశాయా? నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో లెన్స్ వెనక పొర మసకబారితే చేసే యాగ్ లేజర్ సంగతేమిటి? ఇవన్నీ రాసి ఇమ్మనండి. లెన్స్ పేరు, మోడల్, పవర్ ఉన్న స్టిక్కర్‌ను దాచుకోండి.

కొలతల దగ్గర మాత్రం తొందరపడకండి. కంటి పొడవు కొలతలో 1 మిల్లీమీటరు తప్పితే లెన్స్ పవర్ రెండున్నర డయాప్టర్లకు (పవర్‌ను కొలిచే ప్రమాణం) పైగా తప్పవచ్చు. కళ్లు పొడిబారి ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకుని, ఆ తర్వాతే కొలిపించుకోండి.