మోటారు షెడ్డు బల్బు

పర్లాకిమిడి

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్ద తెర మీద పెట్టుకుని చూశాను. ఒక్కటీ తీసిపారేసేలా లేదు. కానీ కింద రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. "ఇన్ని కొండలు, ఇన్ని సూర్యోదయాలు తీశాను మావయ్యా, ఇదంతా దేనికి?" అన్నావు. దేనికో నేను చెప్పలేను. నాకూ ఒకప్పుడు ఆ ప్రశ్న పట్టుకుంది. ఏం చేస్తే వదిలిందో మాత్రం చెబుతాను.

ముందు తిరగడం తగ్గించు. ఒకే నెలలో దేవమాలి, డుడుమా జలపాతం, గోపాల్‌పూర్ సముద్రం చుట్టేశావు. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, చూడాల్సిందే. నేనూ మూడుసార్లు ఎక్కాను. రెండుసార్లు మబ్బు కమ్మేసింది. మూడోసారి తీసిన రీలుని కడిగే చోట పాడుచేసి చేతిలో పెట్టారు. ఆరోజు బస్సులో తిరిగొస్తూ చాలా ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ కొండ గురించి నాకు తెలిసిందేమీ లేదు. రీలు పోవడంతో అన్నీ పోయాయి.

అందుకే స్కూటర్ మీద అరగంటలో చేరే చోటు ఒకటి పట్టుకో. బరంపురం నుంచి ఛత్రపూర్ దగ్గరి తంపరా చెరువుకి వెళ్లినా చాలు. నాది కాశీనగర్ దాటాక వంశధార పక్కన ఒక పొలం గట్టు. సెలవు దొరికితే అక్కడే. సూర్యుడు ఒకచోటే పుట్టడని లెక్కల మాస్టారిగా పిల్లలకి చెప్పేవాణ్ణి గానీ, కళ్లతో చూసింది ఆ గట్టు మీదే. డిసెంబరు చివరికి ఆగ్నేయం వైపు జరుగుతాడు, జూన్‌ నాటికి ఈశాన్యం వైపు వస్తాడు. రెండు కొండల మధ్య సందులోంచి సూర్యుడు రావాలంటే ఏడాదిలో రెండే అదును, వెళ్లేటప్పుడొకటి, తిరిగొచ్చేటప్పుడొకటి. ఒకదానికి వాన, ఇంకోదానికి పొగమంచు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, టైము, గాలి, మబ్బు రాసుకో. ఫోన్‌లో యాప్‌లు చెబుతాయి, కాదనను. రాసుకున్నది మాత్రం ఒంటికి పడుతుంది.

ఇక అసలు సంగతి. నాలుగేళ్లు తీశాక, ఆ పొలం రైతుకి ప్రింట్లు తీసుకెళ్లి చూపించాను. ఒక్కొక్కటే తిరగేసి, "కొండ మాదే, ఏరూ మాదే. మరి ఊరేటైపోనాది మేస్టారూ?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. కరెంటు స్తంభం, గడ్డికుప్ప, అతని మోటారు షెడ్డు, వీటన్నిటినీ నాలుగేళ్లుగా ఫ్రేములోంచి బయటికి నెడుతూ వచ్చాను. ఒకసారి స్తంభం పడకూడదని బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాను కూడా. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆస్తి పంపకాల గొడవ, మీ అమ్మకి తెలుసు. మనుషులు లేని బొమ్మలు ఊరికే రాలేదు అల్లుడూ. ఎవరూ లేని చోటు కోసం వెతుక్కుంటూ, దానికి ప్రకృతి అని పేరు పెట్టుకున్నాను.

మా హాల్లో వేలాడే ఫొటోలో మంచు మధ్య చిన్న పసుపు చుక్క ఉంటుంది కదా, అదేంటని చిన్నప్పుడు అడిగేవాడివి. అది ఆ షెడ్డు బల్బు. ఆ మాట విన్న తర్వాతి చలికాలం తీసింది.

నీ ఫొటోలు మళ్లీ ఒకసారి చూడు. ఏమేమి తీసేశావో చూడు. అన్నీ పెట్టేయమని కాదు, ప్లాస్టిక్ సీసాని ఏరి పక్కన పడెయ్, ఎవరొద్దన్నారు? దేన్నిచూసి తప్పుకుంటున్నావో తెలుసుకోమంటున్నా. కొండల్లో సవర గిరిజనుల పల్లెలకి వెళ్లినప్పుడు మాత్రం అడక్కుండా మనుషుల మీద, వాళ్ల గోడల మీద వేసుకున్న బొమ్మల మీద కెమెరా ఎత్తకు. ముందు కూర్చో, నీళ్లడుగు. కెమెరా సంచీలోనే ఉండనీ.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. కొత్త లెన్సు మానెయ్, డబ్బుంటే గట్టి ట్రైపాడ్ కొను. వెలుగుని పట్టే ఐ.ఎస్.ఓ. వంద, లెన్సు కంత అదే అపెర్చర్ ఎనిమిదికీ పదకొండుకీ మధ్య, వెలుగు తక్కువైతే షట్టర్‌ని సెకన్లు తెరిచి ఉంచు. ఇరవై రెండుకి మూస్తే అంతా పదునుగా వస్తుందనుకోకు, మొత్తంగా మెత్తబడుతుంది. వానాకాలం లెన్సుకి బూజు పడుతుంది, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచు. మార్చి, ఏప్రిల్‌లో పోడు సాగుకి కొండలు తగలబెట్టే పొగ, ఎండ మసక, ఆ నెలల్లో పాత ఫొటోలు సర్దుకో. వాన వెలిసిన మర్నాటి పొద్దు వదలకు. కోరాపుట్ వైపు వలిసె పూలు పసుపు పరిచేది వానలు తగ్గాకే.

ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికా ఆయన 1941లో న్యూ మెక్సికోలో ఒక పల్లె మీద చంద్రోదయం తీశాడు. వెలుగు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగెంతో లెక్క నోటికి వచ్చు కాబట్టి దాన్ని బట్టి తీసేశాడు. రెండో ఫొటో తీసేలోపే సమాధుల శిలువల మీద ఎండ పోయింది. ఆయన తీసిన వాటిలో ఎంతో పేరొచ్చిన ఆ ఫొటోలో ఇళ్లున్నాయి, చర్చి ఉంది, సమాధులున్నాయి.

సంక్రాంతికి వస్తావు కదా. ట్రైపాడ్ అప్పటిదాకా కొనకు, నాది బీరువా మీద ఉంది, నీకే. గట్టుకి తీసుకెళ్తాను. ఐదింటికి బయల్దేరాలి, మంకీ క్యాప్ తెచ్చుకో. రైతు లేడు, వాళ్లబ్బాయి చేస్తున్నాడు సాగు. షెడ్డుకి ఇప్పుడు తెల్ల ఎల్.ఈ.డీ. పెట్టాడు, నాకు నచ్చలేదు, నువ్వు చూసి చెప్పు.

మీ మావయ్య