పార్కింగ్ పిల్లర్‌లో నిలువు పగులు, పక్కనే తుప్పు మరక: ఈ పాత ఫ్లాట్ కొనొచ్చా?

ఈ రెండూ కలిసి కనిపిస్తే చాలావరకు లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును బయటికి నెడుతున్నట్టే. అది ఉత్త ప్లాస్టరింగ్ పగులేనని ఓనర్ అంటున్నారు గానీ, నిజంగా అదే అయితే సాధారణంగా వెంట్రుకంత సన్నగా ఉంటుంది, గోధుమరంగు మరక దిగదు.

1. రూపాయి బిళ్లతో పిల్లర్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగిన చోట పైపొర విడిపోయింది.

2. చాలామంది కొనే ఫ్లాటొక్కటే చూసి వచ్చేస్తారు, అక్కడే దెబ్బతింటారు. అదే పిల్లర్ పై అంతస్తుల్లో ఎలా ఉందో, ఆ వరుసలో బాత్రూమ్ పైపు కారుతోందా, పిల్లర్ మొదట్లో సంపు చెమ్మ ఉందా తప్పకుండా చూడండి. ఒక్కచోటే కొత్త రంగు వేసుంటే ఎందుకో అడగండి.

3. అడ్వాన్స్ ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను తీసుకెళ్లండి. రిపోర్ట్ రాతపూర్వకంగా చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు, దయచేసి.