టెక్ సందేహాలు: పనోరమాలో రెయిలింగ్ ఎందుకు తెగుతుంది?

ప్రశ్న: లోయ అంచున నిలబడి ఫోన్‌ను పక్కకు తిప్పుతూ వెడల్పాటి పనోరమా ఫోటో తీశాను. దూరపు కొండలు చక్కగా వచ్చాయి కానీ, నా ముందున్న ఇనుప రెయిలింగ్ మూడు చోట్ల తెగి, ముక్కలు ఒకదానికొకటి అతకనట్టు కనిపిస్తోంది. ఫోన్‌లో లోపమా? మంచి కెమెరా కొనుక్కోవాలా?

మీ ఫోన్‌లో లోపమేమీ లేదు. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా, ఇదే పద్ధతిలో తీస్తే రెయిలింగ్ ఇలాగే తెగుతుంది. కారణం అర్థం కావాలంటే చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక కన్ను మూసి, ముఖానికి జానెడు దూరంలో చూపుడు వేలు నిలబెట్టి, ఎదుటి గోడ మీద ఆ వేలు ఏ గుర్తుకు సూటిగా ఉందో చూసుకోండి. వేలు కదపకుండా తలను మాత్రం పక్కకు తిప్పండి. వేలు ఆ గుర్తును వదిలి పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. తల తిరిగేది మెడ మీద, కన్ను ఉండేది మెడకు ముందు. అందువల్ల తల తిరిగినప్పుడల్లా కన్ను ఉన్న చోటు కూడా మారుతుంది. చూసే చోటు మారితే దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒకదానితో ఒకటి సరిపడకుండా జరగడాన్నే పారలాక్స్ అంటారు.

ఫోన్‌ను చేయి చాపి పట్టుకున్నప్పుడు ఈ దోషం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫోన్ మీ నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, మీరు 30 డిగ్రీలు తిరిగేసరికి అది దాదాపు 31 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. రెండు కిలోమీటర్ల అవతలి కొండకు ఆ జరుగుడు 0.01 డిగ్రీ కూడా కాదు, రెండు మీటర్ల దూరంలోని కమ్మీకి మాత్రం సుమారు 9 డిగ్రీలు. కొండలను సరిగ్గా కలిపిన సాఫ్ట్‌వేర్ అదే కొలతతో కమ్మీని కలపలేదు. రెండింటిలో ఏదో ఒకదానికే న్యాయం చేయగలదు.

కాబట్టి ఫోన్ మీ చుట్టూ తిరగకూడదు, మీరే ఫోన్ చుట్టూ తిరగాలి. మోచేతులను పక్కటెముకలకు ఆనించి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకోండి. సరిగ్గా ఫోన్ కింద నేల మీద చిన్న రాయిని గుర్తుగా పెట్టుకుని, తీస్తున్నంతసేపూ ఫోన్ ఆ రాయికి పైనే ఉండేలా చిన్న చిన్న అడుగులతో మీరు తిరగండి. మొదట్లో ఇబ్బందిగా ఉన్నా, నాలుగైదు సార్లు చేస్తే అలవాటవుతుంది. వీలైతే రెయిలింగ్‌ను ఆనుకుని నిలబడి అది ఫ్రేమ్‌లోకే రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు.

కెమెరా వాడేవారికి కూడా ఒక మాట. లెన్స్‌లోకి ముందు నుంచి చూస్తే లోపల ఒక గుండ్రని రంధ్రం కనిపిస్తుంది. కెమెరా తిరగవలసింది ఆ రంధ్రం కనిపించే చోటును కేంద్రంగా చేసుకునే. చాలామంది దీన్ని నోడల్ పాయింట్ అంటారు కానీ అది సరైన పేరు కాదు, ఎంట్రన్స్ ప్యూపిల్ అనాలి. ట్రైపాడ్ మర కెమెరా అడుగున ఉంటుంది కనుక, మామూలుగా బిగిస్తే తిరిగే కేంద్రం కొన్ని సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. కెమెరాను ముందుకు వెనక్కు జరిపే పట్టీ ఒకటి ట్రైపాడ్‌కు బిగించి, దగ్గరగా ఒక కర్ర, దూరంగా ఒక స్తంభం ఒకే వరుసలో కనిపించేలా చూసుకోండి. కెమెరాను అటూ ఇటూ తిప్పినా ఆ రెండూ విడిపోకపోతే సరైన చోటు దొరికినట్టే. కేవలం దూరపు దృశ్యాలకు ఈ శ్రమ అక్కరలేదు; స్తంభాల మండపాల లోపల తీసేటప్పుడు మాత్రం ఇది తప్పనిసరి.

ప్రశ్న: కెమెరాతో విడివిడిగా ఎనిమిది ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలిపాను. ఆకాశంలో నిలువు పట్టీలు కనిపిస్తున్నాయి. ఎలా పోగొట్టాలి?

కెమెరా ఆటోలో ఉన్నప్పుడు సూర్యుడి వైపు తీసిన ఫోటోకు ఒక ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే వెలుతురు మోతాదు), అవతలి వైపు ఫోటోకు మరో ఎక్స్‌పోజర్ ఎంచుకుంటుంది. విడిగా చూస్తే ప్రతి ఫోటో బాగానే ఉంటుంది, పక్కపక్కన పెట్టినప్పుడే తేడా బయటపడుతుంది. అందుకే మాన్యువల్‌లోకి వెళ్లి, దృశ్యంలో అన్నిటికన్నా వెలుగు ఎక్కువున్న భాగం తెల్లగా పాలిపోని విధంగా ఎక్స్‌పోజర్ నిర్ణయించి, చివరి ఫోటో వరకు దాన్ని ముట్టుకోకండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత), ఫోకస్ కూడా అంతే. లెన్స్ మీద పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు నీలంగా చూపే ఫిల్టర్) ఉంటే తీసేయండి. ఆకాశం మీద దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువగా, మిగతా దిశల్లో తక్కువగా ఉంటుంది కనుక, వెడల్పాటి పనోరమాలో ఒకచోట ముదురు నీలి మచ్చ పడుతుంది. దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం.

లెన్స్ అంచుల్లో సహజంగా వెలుతురు తగ్గడం మరో కారణం. కెమెరాను నిలువుగా పట్టుకుని, ప్రతి ఫోటోలో మూడో వంతు ముందు ఫోటోతో కలిసేలా తీస్తే సాఫ్ట్‌వేర్‌కు ఆ మసక అంచులను వదిలేసే వీలుంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి నిలువుగా పట్టుకుంటే ఒక్కో ఫోటోలో అడ్డంగా పట్టేది సుమారు 27 డిగ్రీలు. ఆ లెక్కన 180 డిగ్రీల దృశ్యానికి పది ఫోటోలు కావాలి. మీ ఎనిమిదీ ఎంత వెడల్పు దృశ్యానికి తీసినవో ఒకసారి లెక్క వేసుకోండి.

ఇప్పటికే తీసిన ఫోటోలను వదులుకోనక్కరలేదు. హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఇది 1998లో హెల్మట్ డెర్ష్ మొదలుపెట్టిన పనోరమా టూల్స్ అనే ప్రోగ్రాముల మీద నిర్మించినది. ఇందులో ఎక్స్‌పోజర్ తేడాలను, అంచుల మసకను లెక్కగట్టి సరిచేసే ఫోటోమెట్రిక్ ఆప్టిమైజేషన్ ఉంది. మొదట దాన్ని నడిపి, ఆ తర్వాతే ఫోటోలను కలపండి. పట్టీలు చాలావరకు పోతాయి. వెలుగు మరీ ఎక్కువై తెల్లబడిపోయిన మేఘంలోని వివరాలను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ప్రశ్న: పొడవైన పాత కోట గోడను పనోరమా తీస్తే విల్లులా వంగిపోయింది. తిన్నగా ఉండాల్సిన గోడ ఎందుకలా వస్తోంది?

ఇది పొరపాటు కాదు, జ్యామితి. మన చుట్టూ గుండ్రంగా ఉన్న దృశ్యాన్ని చదునైన కాగితం మీద పరచడానికి సాఫ్ట్‌వేర్ ఒక ప్రొజెక్షన్‌ను ఎంచుకోవాలి; భూగోళాన్ని పటంగా గీసేటప్పుడు వచ్చే చిక్కే ఇక్కడా వస్తుంది. ఫోన్లు సాధారణంగా వాడే సిలిండ్రికల్ పద్ధతిలో నిలువు గీతలు తిన్నగా ఉంటాయి, కంటి ఎత్తున ఉన్న గీత తప్ప మిగతా అడ్డగీతలు వంగుతాయి. రెక్టిలీనియర్ పద్ధతిలో అన్ని గీతలూ తిన్నగానే వస్తాయి కానీ, వెడల్పు 100 డిగ్రీలు దాటేకొద్దీ రెండు చివర్లూ సాగిపోయి చూడటానికి బాగుండదు. కట్టడాలకు నేను ఎక్కువగా వాడేది హగిన్‌లోని పనీనీ ప్రొజెక్షన్. విశాలమైన లోపలి దృశ్యాలను చిత్రించిన 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడి పేరు దానికి పెట్టారు. నిలువు గీతలు, మధ్య నుంచి దూరానికి పోయే గీతలు తిన్నగా ఉంచుతూనే చివర్లను అతిగా సాగనివ్వదు. అడ్డగీతలు అందులోనూ కొంత వంగుతాయి.

మీ గోడ ఎదురుగా అడ్డంగా ఉంది కనుక, వెనక్కు వెళ్లడానికి చోటుంటే వెళ్లి, గోడ మొత్తం 90 డిగ్రీల లోపు వచ్చేలా తీసి రెక్టిలీనియర్‌లో కలపండి. చోటు లేకపోతే గోడ మూలకు ఎదురుగా నిలబడి చూడండి. రెండు వైపులా దూరానికి పోయే గోడలు ఆ వంపును చాలావరకు కనిపించనివ్వవు. కెమెరాను పైకి ఎత్తి తీస్తే బురుజులు వాలిపోతాయి, క్షితిజరేఖ అలలా వంగుతుంది. అలా వచ్చినా, హగిన్‌లో గోడ అంచుల మీద నిలువు గీత కంట్రోల్ పాయింట్లు (ఇది నిటారు గీత అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గుర్తులు) రెండు మూడు చోట్ల పెట్టి ఆప్టిమైజ్ చేస్తే నిటారుగా నిలబడతాయి.

ప్రశ్న: జనం తిరిగే చోట తీస్తే ఒకే మనిషి రెండుసార్లు, ఒక్కోసారి సగమే వస్తున్నాడు.

ఫోన్ పనోరమా మోడ్ సన్నని ముక్కలను వరుసగా అతుకుతుంది కనుక, నడిచే మనిషి మీద అది ఎప్పుడూ తడబడుతుంది. అలాంటి చోట విడి ఫోటోలు తీయండి. ప్రతి దిశలో రెండు మూడు తీసి, ఇంటికి వచ్చాక హగిన్‌లోని మాస్క్ విభాగంలో వద్దనుకున్న మనిషి చుట్టూ గీత గీస్తే, ఆ భాగాన్ని వదిలి పక్క ఫోటో నుంచి తీసుకుంటుంది. అలలు, ఊగే కొమ్మలు ఉన్నచోట అతుకు వాటి మీదుగా పోకుండా, కదలని రాతి మీదుగానో నేల మీదుగానో పోయేలా చేయడానికి కూడా ఇదే పద్ధతి.

ప్రశ్న: చాలా ఫోటోలు కలిపిన పెద్ద పనోరమా జేపెగ్‌గా సేవ్ కావడం లేదు.

జేపెగ్‌లో ఏ వైపూ 65,535 పిక్సెళ్లు దాటకూడదు. మీ ఫోటో వెడల్పు దానికి మించి ఉంటుంది. అసలు ప్రతిని టిఫ్ అనే మరో ఫైల్ రూపంలో దాచుకుని, పంపడానికి మాత్రం చిన్నది చేసి జేపెగ్ తీసుకోండి.