లేస్తే తూలుతున్నారు, బీపీ మాత్ర మానేయాలా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా నాన్నగారికి 64, బీపీ మాత్ర వాడుతున్నారు. ఈ ఎండల్లో మంచం మీంచి బేగి లేస్తే తూలిపోతున్నారు, కిడ్నీలు పోతాయని మాత్ర మానేస్తానంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మానొద్దని ముందు ఆయనకి గట్టిగా చెప్పమ్మా. మనం లేవగానే రక్తం కాళ్లల్లోకి దిగిపోతుంది, మెడలోని పెద్ద రక్తనాళాల్లో, గుండె పైన బృహద్ధమనిలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలుంటాయి, అవి మెదడుకి కబురు పెడితే సెకన్లలోనే గుండె స్పీడందుకుని రక్తనాళాలు బిగుసుకుంటాయి, వయసు పైబడ్డాక ఇదే కాస్త లేటవుతుంది. కిడ్నీది నిదానం ఉద్యోగం. ఒత్తిడి తగ్గిందని తెలిస్తే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదుల్తుంది, దాంతో యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు తయారై ఉప్పూ నీళ్లూ బయటికి పోకుండా ఆపుతాయి, ఇదంతా అవడానికి గంటలు పట్టొచ్చు. కొన్ని బీపీ మాత్రలు సరిగ్గా ఈ దారికే అడ్డం పడతాయి, పైన చెమటకి నీళ్లు కూడా పోతే తూలక ఏం చేస్తారు!

ఒక్క క్షణం తూలితే కిడ్నీ పోదు, ఒత్తిడి కాస్త అటూ ఇటూ అయినా తన రక్తం తను సర్దుకుంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం భయం, ఆరోజే డాక్టర్ని అడగాలి. పడుకున్నప్పుడు బీపీ చూసి, నిలబడ్డాక 3 నిమిషాల్లోపు మళ్లీ చూడండి, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం, మాత్రల చీటీ రెండూ పట్టుకెళ్లండి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం రక్త టెస్టులు కూడా అడగండి. చోడి (రాగి) అంబలి తాగొచ్చు, ఉప్పు మాత్రం తగ్గించి.