పాత టేకు కిటికీలు వానాకాలంలో బిగుసుకుపోతున్నాయి, పీకేసి యూపీవీసీ పెట్టించాలా?

చిత్తూరులో 1960ల్లో కట్టిన ఇల్లు, ఎనిమిది టేకు కిటికీలు, కార్తీకమాసం వానలు పట్టుకుంటే రెక్కలు పడవు, వెనకవైపు కిటికీ అడుగు మెత్తబడింది, వచ్చిన వడ్రంగి అన్నీ పీకేసి యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీలు, పెట్టించుకోమంటున్నాడు అని రాశారు. పీకించకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఏడు కిటికీలకు అసలు జబ్బే లేదు, ఎనిమిదోదానికి వైద్యం ఉంది. మా ఇంట్లో తొమ్మిది కిటికీల్లో ఎనిమిదింటిని రెండు వేసవుల్లో బాగుచేయించుకున్నాను. కొంత పని నా చేత్తోనే చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది తిరుపతి. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మా తాత కట్టించిన మిద్దె. ఒక్కో కిటికీకి పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు, చట్రంలో నిలువుగా ఇనుప కమ్మీలు. 2021 నవంబరులో తిరుపతి వీధులను ముంచిన వానలకు ఆ రెక్కలన్నీ రోజుల తరబడి తడిశాయి. ఒక్కటీ కదల్లేదు. అమ్మ గదిలో తెరిచి ఉన్న కిటికీ మూసుకోక జల్లంతా మంచం మీద పడుతుంటే టెన్షన్ వచ్చి, దొరికిన మనిషిని పిలిచి, ఎక్కడ రాసుకుంటే అక్కడ చిత్రిక పట్టించేశాను. అప్పటికి కిటికీ హాయిగా పడింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ రెండు రెక్కల మధ్య అగ్గిపుల్లలు రెండు పక్కపక్కన దూరేంత సందు. దుమ్ము, దోమలు, మధ్యాహ్నం వడగాలి అన్నీ అందులోంచే. ఆ సందు పూడ్చడానికి తర్వాత సన్నటి టేకు పట్టీ అతికించాల్సి వచ్చింది.

మరుసటి వేసవిలో పనికి వచ్చిన వడ్రంగి ఆచారి డెబ్బై దాటిన మనిషి. ఆ రెక్క అంచు మీద వేలు రాసి చూసి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సామీ, కర్ర నీళ్ళు తాగి ఉన్నప్పుడు దాని జోలికి పోగూడదు. దాని అసలు కొలత ఎండలోనే తెలుస్తాది."

కర్ర పొడవునా దాదాపు పెరగదు. అడ్డంగానే ఉబ్బుతుంది, అడ్డంగానే తగ్గుతుంది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలు కర్ర లావెక్కుతుంది, రోహిణి కార్తె నాటికి బక్కచిక్కుతుంది. టేకు మిగతా కర్రల కంటే తక్కువగా కదులుతుంది కానీ అసలు కదలకుండా ఉండదు. కాబట్టి చిత్రిక పని ఫిబ్రవరి తర్వాతే పెట్టుకోండి. అప్పుడు కూడా రెక్క చట్రానికి ఒరుసుకునేలా కాకుండా, చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వదలమనండి. వానల్లో ఉబ్బడానికి ఆ చోటు కావాలి.

అయితే చిత్రిక దాకా పోకముందే చూడాల్సినవి రెండున్నాయి. రెక్కను సగం తెరిచి, బందులు లేని వైపు అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. లటలటా ఆడితే తప్పు కర్రది కాదు, బందులది. మరలు లూజై రెక్క కిందికి వాలింది, అడుగు మూల రాసుకుంటోంది. మర విప్పి, ఆ బెజ్జంలో టేకు పుల్లను ఫెవికాల్ పూసి బిగువుగా దిగ్గొట్టి, మర్నాడు మళ్ళీ మర బిగిస్తే చాలు. మా తొమ్మిదింట్లో నాలుగు కిటికీలు ఒక్క ఈ పనితోనే దారికొచ్చాయి. పాత మరల గాడి రంగుతో పూడిపోయి ఉంటుంది. ముందు సూదిమొనతో గాడి శుభ్రం చేయండి. స్క్రూడ్రైవర్ పెట్టి మొదట కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పండి. నేరుగా విప్పబోతే తల చెడిపోతుంది. మర తిరిగి పెట్టేటప్పుడు దానికి కొవ్వొత్తి మైనం రాస్తే మెత్తగా దిగుతుంది.

రెండోది రంగు. అరవై ఏళ్ళ ఇంట్లో, పండక్కీ పెళ్ళికీ ఒక పూత అనుకున్నా, ఆ అంచుల మీద పొర మీద పొర మందంగా పేరుకుని ఉంటుంది. చట్రం లోపలి అంచుకు సుద్దముక్క రాసి రెక్క మూసి తెరవండి. సుద్ద ఎక్కడ అంటితే అక్కడే రాసుకుంటోంది. ఆ చోట రంగు గీకేశాక కూడా పట్టేస్తేనే కర్ర తీయాలి. తీసిన కర్ర మళ్ళీ రాదు.

రంగు గీకే ముందు ఒక మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ కిటికీల మీది పాత పొరలు అంతకు ముందువే. పొడిగా ఉప్పు కాగితం రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. చిన్నపిల్లల మెదడుకు అది చాలా చెడ్డది. తడిపి రుద్దండి, కింద ప్లాస్టిక్ పట్టా పరవండి, ఎన్-95 మాస్కు పెట్టుకోండి, పని అయ్యేదాకా పిల్లల్నీ గర్భిణులనీ ఆ గదిలోకి రానీయకండి. మంటతో కాల్చి రంగు తీస్తామని కొందరు అంటారు, అస్సలు ఒప్పుకోవద్దు. సీసం పొగలోకి వస్తుంది. పొట్టును చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో ఎత్తి మూటకట్టి పారేయండి.

ఇక మీ వెనక కిటికీ. మెత్తబడిన అడుగును ఎలా బాగుచేయాలని అడిగారు. దానికంటే ముందు అక్కడికి నీళ్ళు ఎలా వస్తున్నాయో కనుక్కోవాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దాన్ని కుళ్ళబెట్టే బూజు పెరగదు. టేకు కుళ్ళిందంటే ఏళ్ళ తరబడి అక్కడ నీళ్ళు నిలుస్తున్నాయనే అర్థం. ఆ నీటి దారి మూయకుండా కొత్త ముక్క అతికిస్తే అది పాతదానికంటే త్వరగా పోతుంది.

మా వంటింటి కిటికీకి ఇదే జరిగింది. మొదట నేను సన్‌షేడ్‌ని అనుమానించాను. ఒక చెంబు నీళ్ళు తీసుకుని కిటికీ బయట దిమ్మ మీద నెమ్మదిగా పోసి చూశాక విషయం తెలిసింది. నీళ్ళు బయటికి జారకుండా లోపలికే, చట్రం వైపే వచ్చి నిలిచాయి. తాత కట్టించినప్పుడు అది సున్నం పూత, బయటికి వాలుగా ఉండేదట. తర్వాత ఎవరి కాలంలోనో గోడకు సిమెంటు పూత పూయించినప్పుడు దిమ్మ అర అంగుళం పెరిగి, చట్రం అడుగు కర్ర కంటే ఎత్తయింది. కర్ర గుంటలో కూర్చున్నట్టయింది. పైగా సున్నం గోడ తాగిన నీటిని మళ్ళీ వదులుతుంది, సిమెంటు పూత ఆ తడిని కర్ర పక్కనే పట్టి ఉంచుతుంది. ఆ సిమెంటును చెక్కించి, చట్రం కంటే కిందికి, బయటికి వాలు వచ్చేలా మళ్ళీ పూయించాను. మేస్త్రీ పని ఒక్క పూట. మొత్తం మరమ్మత్తులో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఆ పూట పనే. మీరూ ముందు ఆ చెంబు నీళ్ళ పరీక్ష చేయండి. అలాగే సన్‌షేడ్ కింది అంచున నీళ్ళు తెగి పడడానికి ఉండే గాడి పూడిపోయిందేమో చూడండి. అది పూడితే చినుకు సన్‌షేడ్ అడుగున పాకుతూ వచ్చి గోడ మీదుగా కిటికీలోకి దిగుతుంది.

ఇప్పుడు కుళ్ళు ఎంత లోతు ఉందో చూడాలి. సన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు పట్టీని అంగుళానికొకచోట పొడవండి. గట్టి టేకులో మొన గుచ్చుకోదు. కుళ్ళిన చోట జామపండులో దిగినట్టు దిగుతుంది. చాలామంది బయటి నల్లటి రంగు చూసి కర్రంతా పోయిందనుకుంటారు. ఇనుప మేకు, కమ్మీ చుట్టూ కనబడే నలుపు తడి తగిలినప్పుడు కర్రలోని పదార్థానికీ ఇనుముకీ జరిగే చర్య వల్ల వస్తుంది, అది కుళ్ళు కాదు. మాకు చూడ్డానికి అడుగు పట్టీ మొత్తం పోయినట్టే ఉండింది. పొడిచి చూస్తే ఒక మూల నుంచి ఆరంగుళాలే.

ఆచారి ఆ రెక్కను దింపి, మెత్తటిదంతా ఉలితో తీసేసి, గట్టి కర్ర తగిలాక ఇంకో అంగుళం లోపలికి వెళ్ళి కోశాడు. నేరుగా అడ్డంగా కోయలేదు, ఏటవాలుగా కోశాడు. ఏటవాలు కోత వల్ల జిగురు పట్టే చోటు పెరుగుతుంది, అతుకు బలంగా నిలుస్తుంది. అతికించే ముక్క పోగు పాత కర్ర పోగు ఎటు ఉందో అటే ఉండాలి, లేకపోతే రెండూ వేర్వేరుగా ఉబ్బి అతుకు విడిపోతుంది. మామూలు తెల్ల జిగురు కాకుండా నీటికి తట్టుకునే రకం, ఫెవికాల్ మెరైన్ లాంటిది వాడించండి. ముక్క కోసం కొత్త టేకు కొనలేదు. పాత ఇల్లు కూల్చిన చోట ఒక విరిగిన ద్వారబంధం కొన్నాం. చిన్న వయసు చెట్టు నుంచి వచ్చే కర్రలో తెల్లచేవ (బెరడు పక్కనుండే లేత కర్ర) ఎక్కువ, అది చెదలకూ కుళ్ళుకూ ఆగదు. మీ కిటికీల్లో ఉన్నది బహుశా నల్లచేవ, అంటే చెట్టు నడిమి ముదురు కర్ర. ఇప్పుడు అలాంటిది ఎంత ఖర్చవుతుందో ఒక్కసారి టింబర్ డిపోలో అడిగి చూడండి, పీకి పారేయాలన్న ఆలోచన మీరే మానుకుంటారు. మాకు ఆ కిటికీకి కర్ర, జిగురు, కూలి, రంగు అన్నీ కలిపినా కొత్త యూపీవీసీకి చెప్పిన ధరలో మూడో వంతు కాలేదు.

రెక్క కిందికి దిగి ఉన్నప్పుడే దాని అడుగు అంచుకు రెండు పూతలు వేయించండి. ఇది ఎవరూ చేయరు. రంగులేసేవాళ్ళు కనబడే ముఖానికి మూడు పూతలు వేస్తారు, అడుగు అంచును పచ్చిగా వదిలేస్తారు. నిలువు పట్టీల చివర్లు ఆ అడుగునే ఉంటాయి. కర్ర నీళ్ళు తాగేది ముఖ్యంగా ఆ చివర్ల నుంచే.

అద్దాల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎండిపోయి రాలుతున్న లప్పం గీకి, గాడికి కాస్త అవిసె నూనె రాసి, చాక్ పౌడర్, అవిసె నూనె కలిపి చపాతీ పిండిలా పిసికిన లప్పం పెట్టండి. పైన పొర కట్టడానికి వారం, పది రోజులు పడుతుంది, ఆ తర్వాతే రంగు. రంగును అద్దం మీదికి నూలుపోగంత ఎక్కించండి, వాన నీరు సందులోకి పోదు. కమ్మీలు చట్రంలోకి దిగే చోట తుప్పును వైరు బ్రష్‌తో గీకి రెడ్ ఆక్సైడ్ పూయండి. తుప్పు ఉబ్బి కర్రను చీల్చేది అక్కడే.

బయటి ముఖానికి వార్నిషా, రంగా అంటే నేను రంగే అంటాను. మన ఎండకు వార్నిష్ రెండేళ్ళు తిరక్కుండా పొరలు లేస్తుంది, మళ్ళీ అంతా గీకాలి. ప్రైమర్ మీద రెండు పూతల ఎనామెల్ అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. లోపలి ముఖానికి రంగుల కొట్లో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌లో కొంచెం టర్పెంటైన్ కలిపి పలచగా రాసి, అరగంటకు తుడిచేశాం. అమ్మ ఆ టేకు రంగు చూసి పెళ్ళయి వచ్చినప్పుడు ఇలాగే ఉండేదంది. నూనె తుడిచిన బట్టల్ని ముద్దచేసి మూల పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఎండనివ్వండి, లేదా నీళ్ళలో ముంచండి.

తొమ్మిదింట్లో ఒకటి మేం కాపాడుకోలేకపోయాం. దాని చట్రం గోడలో ఉన్న వైపు నుంచి చెదలు తినేశాయి, బయటికి రంగు పొర మాత్రమే మిగిలింది. తట్టితే డొల్ల శబ్దం వచ్చింది. అలాంటిదాన్ని మార్చాల్సిందే, మార్చే ముందు గోడకూ పునాదికీ చెదల మందు తెలిసినవాళ్ళతో కొట్టించాలి. చట్రం మీద కిరోసిన్ పోస్తే పైవి చస్తాయి, గూడు అలాగే ఉంటుంది. యూపీవీసీ చెడ్డదని నేననను. మేం ఆ ఒక్క కిటికీకి అదే పెట్టించాం, వానకు బాగానే ఆగుతోంది. కాకపోతే దాని రబ్బరు, గడియ పాడైతే అదే కంపెనీ సామాను దొరకాలి. టేకు రెక్కకు ఏ వీధి చివర ఆచారి అయినా చాలు.

ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు మేం కిటికీలకు ఒక పూట కేటాయిస్తాం. అప్పటికి వానలు వెళ్ళి ఉంటాయి, ఏ నష్టం జరిగినా కనబడుతుంది. తడిబట్టతో తుడిచి, బందుల్లో రెండు చుక్కల నూనె వేసి, అడుగు అంచుల్ని వేలితో తడిమి, రంగు లేచిన చోట ఆ కాస్తకే పూత వేస్తాం.

మీరు ఈ వారమే చేయగలిగింది, బందులు ఎత్తి చూడడం, చెంబు నీళ్ళు పోసి చూడడం. వెనక కిటికీ రెక్కను ప్రస్తుతానికి మూయడానికి బలవంతం చేయకండి, మూలల అతుకులు విడిపోతాయి. బయట ఒక టార్పాలిన్ ముక్క పైనుంచి వేలాడదీసి, అడుగున గాలి ఆడేలా వదలండి. మూడు వైపులా మేకులు కొట్టి మూసేస్తే లోపల తడి ఆరక కుళ్ళు ఇంకా పెరుగుతుంది. ఫిబ్రవరి దాకా ఆ కర్రను ఆరనివ్వండి, ఆ తర్వాత ఆచారిని పిలవండి.